వానాకాలంలో జిగురు ఆరదు, మట్టి పగులుతుంది: చిన్నపిల్లల చేత ఏం చేయించాలి?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయండీ. నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు ముసురుకి ఇంట్లోనే ఉండిపోయారు, చేతులకి ఏదైనా పని కావాలి అన్నది ఒకటి. అంటించినవి ఊడిపోతున్నాయి, చార్టు మెత్తబడుతోంది, పొద్దున వేసిన రంగు సాయంత్రానికీ ఆరడం లేదు అన్నది రెండోది. రెండోది తేలితే మొదటిది సులువు.

తెల్ల ఫెవికాల్ అందులోని నీరు గాలిలోకి పోతేనే గట్టిపడుతుంది. ముసురులో గాలే తడిగా ఉంటుంది కాబట్టి, వేసవిలో అరగంటలో పట్టేది ఇప్పుడు గంటలు గడిచినా జారుతూనే ఉంటుంది. పట్టలేదని పిల్లలు ఇంకాస్త పోస్తారు, మందం పెరిగి ఇంకా ఆలస్యమవుతుంది. అందుకని వానలు తగ్గేదాకా జిగురు పనులు పక్కన పెట్టి మడత పనులు, అల్లిక పనులు, నీళ్లతోనే జరిగే పనులు పెట్టుకోండి. తప్పక అంటించాల్సిన చోట గ్లూ స్టిక్ వాడండి, లేదా స్టేప్లర్ పిన్ను మీరే కొట్టండి. మైదా లై కాచుకుంటే రెండు చెంచాల మైదాకి అరకప్పు నీళ్లు చాలు. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పాలి. ఏ పూటకి ఆ పూటే కాచుకోండి, మర్నాటికి పులిసి బూజు మొదలవుతుంది. లై చెడకుండా మైలతుత్తం కలపడం పాత అలవాటు. అది విషం, పిల్లల చేతికిచ్చే జిగురులో వద్దు.

మొదట కాగితం పడవ. అందరికీ తెలిసిన పనే అయినా పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తెలిసి కూర్చుంటే గంటసేపు హాయిగా గడుస్తుంది. న్యూస్‌పేపరు నీళ్లలో పెట్టగానే తడి పీల్చేస్తుంది. మామూలు ఏ4 కాగితం నయం. బొమ్మలు వేయాలంటే ముందు క్రేయాన్లతోనే వేయించండి, స్కెచ్ పెన్ను నీళ్లలో కారిపోతుంది. ఆ తర్వాత కొవ్వొత్తిని పడుకోబెట్టి రెండు వైపులా గట్టిగా రుద్దాలి. వెలుతురులో వాల్చి చూస్తే మెరవని చోటల్లా నీరు లోపలికి దిగే చోటే. ఈ రుద్దుడు నాలుగేళ్ల పాపకి సరిగ్గా సరిపోయే పని.

మడతల్లో మొదటి మూడు, అంటే సగానికి మడవడం, రెండు మూలలు మధ్యకి తేవడం, కింది అంచులు పైకి తిప్పడం బాబు చేయగలడు. ఇక్కడికి టోపీ వస్తుంది. మూలలు మధ్యలో ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే పడవ ఒరుగుతుంది కాబట్టి గీత దగ్గర ఆపమనండి. ఆగిపోయేది ఆ తర్వాతే. టోపీ లోపల బొటనవేళ్లు పెట్టి విప్పి, పక్కలు కలిపి చదునుగా చేస్తే నలుపలక రావాలి. పిల్లలు దాన్ని అడ్డంగా నొక్కి మళ్లీ టోపీనే చేస్తారు. ఆ ఒక్క మలుపు మీరు చేసిపెట్టండి. తర్వాత కింది మూలలు చెరో వైపు పైకి మడిచి, మళ్లీ విప్పి నలుపలక చేసి, పైనున్న రెండు చెవులు పట్టుకుని మెల్లగా పక్కలకి లాగితే పడవ. ఒక్కసారి గుంజితే చెవుల మొదట్లో చిరుగుతుంది. ప్రతి మడతనీ చెంచా వెనకవైపుతో గీస్తే ఆ చిరుగుడు చాలావరకు తప్పుతుంది. ఏ4 పడవ ఇంచుమించు 15 సెంటీమీటర్ల పొడవొస్తుంది. ఒరిగిపోతుంటే మధ్యలోని గోపురానికి అటూఇటూ సమానంగా చింతగింజలు వేయండి. మైనం రుద్దిన పడవ ఎన్ని గింజలు మోస్తుంది, రుద్దనిది ఎన్ని మోస్తుంది అని లెక్కపెట్టిస్తే బాబు అక్కణ్ణుంచి కదలడు. పడవలు వదలడానికి వీధి కాలువ వద్దు. మూతలేని గుంటలు, తెగిన కరెంటు తీగలు ఆ నీళ్లలో కనబడవు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసిన టబ్బు చాలు, అక్కడ కూడా పక్కనే ఉండండి.

అదే కొవ్వొత్తితో ఇంకో పని. తెల్ల డ్రాయింగ్ షీటు మీద వాన ధారలు, గొడుగు, మేఘం కొవ్వొత్తితోనే గీయించి, పైన పలచటి నీలిరంగు పూయిస్తే గీతలు తెల్లగా తేలతాయి. తేలకపోతే కారణం రెండిట్లో ఒకటి: గీత బలంగా పడలేదు, లేదా రంగు చిక్కగా ఉంది. పోస్టర్ కలర్ అయితే చెంచాకి ఆరు చెంచాల నీళ్లు. చిరుజల్లు పడుతుంటే, కిచెన్ టిష్యూ మీద స్కెచ్ పెన్నుతో మందంగా చుక్కలు పెట్టించి పళ్లెంలో పరిచి 20, 30 సెకన్లు వానలో పెట్టండి. రంగులు పువ్వుల్లా పాకుతాయి. జోరువానలో పెడితే అంతా కడుక్కుపోతుంది. పర్మనెంట్ మార్కరు నీటికి కరగదు, దానితో కుదరదు.

బెండకాయ, ఉల్లిపాయ అచ్చులు అందరూ వేయిస్తారు. కోసిన ముఖాన్ని పొడిగుడ్డతో అద్ది తుడవకపోతే జిగటకి అచ్చు చెదురుతుంది, అంతే.

గాలికి పడిన కొబ్బరిమట్ట దొరికితే తెచ్చుకోండి. జిగురు అక్కర్లేదు, తడిసినా ఏమీ కాదు. ఈనె తీసేసిన ఆకుని సన్నటి కొస నుంచి మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందుదాన్ని సగం కప్పేలా ఏటవాలుగా చుడుతూ పోతే బూర. చివర విడిపోకుండా ఈనెముక్క గుచ్చాలి. ఊదే కొస చదునుగా నొక్కి ఉంటేనే మోగుతుంది, గుండ్రంగా ఉంటే గాలే వస్తుంది. ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, ముందు తడిగుడ్డతో తుడిచి అంచులు మీరే కత్తిరించి ఇవ్వండి.

బాబుకి వారాల తరబడి సాగే పని వానకొలత సీసా. గీతలు, గాళ్లు లేని తిన్నటి లీటరు సీసా పైభాగం మీరు కోసి, మూత తీసి, గరాటులా తలకిందులుగా అందులోనే దింపి అంచుకి టేపు వేయండి. అడుగున గులకరాళ్లు వేసి, వంపులు మునిగేదాకా నీళ్లు పోయాలి. ఆ నీటిమట్టమే సున్నా. అక్కణ్ణుంచి మిల్లీమీటర్ల స్కేలు కాగితం బయట అతికించి పైన సెలోటేపు కప్పండి, లేకపోతే మొదటి వానకే ఊడుతుంది. కోసిన చోట, కొలిచే చోట వెడల్పు ఒకటే అయితేనే లెక్క సరిపోతుంది. డాబా మీద గోడకి దూరంగా, ఇటుకల మధ్య నిలబెట్టండి. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8:30కి చూసి, సున్నా దాకా నీళ్లు వంపేసి, చార్టులో ఆ రోజు గడికి రంగు వేయించండి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం. టీవీలో 7 సెంటీమీటర్లు అన్నప్పుడు అది తన సీసాలో ఎంతో వాడికే తెలుస్తుంది. అడుగు నీళ్లు కూడా వారానికి రెండుసార్లు పూర్తిగా మార్చాలి, దోమలు గుడ్లు పెడతాయి.

ఇక వినాయక చవితికి మట్టి బొమ్మ. నల్లరేగడి వద్దు, ఆరుతూ బాగా కుంచించుకుపోయి పగులుతుంది. చెరువు బంకమట్టి తెచ్చి, రాళ్లు ఏరి, అయిదు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక కలిపి, చేతికి అంటనంతగా పిసకాలి. బొమ్మ జానెడు దాటొద్దు. పొట్ట రెండు వేళ్లకన్నా మందంగా ఉంటే వెనకనుంచి చెంచాతో తోడి బోలుగా చేయండి. తొండం, చెవులు ఊరికే నొక్కితే ఆరాక రాలిపోతాయి. రెండు ముఖాల మీదా పుల్లతో గీతలు పెట్టి, పలచటి మట్టి రాసి అతకాలి. ఆసరాకని లోపల పుల్ల గుచ్చితే, మట్టి ముడుచుకుంటుంది, పుల్ల ముడుచుకోదు, సరిగ్గా అక్కడే చీలుతుంది. ఫ్యాను కింద పెడితే ఒక పక్కే ఆరి పగులుతుంది. నీడలో పలచటి గుడ్డ కప్పి, రోజూ పక్క మారుస్తూ వారం ఆరనివ్వండి. అంటే చవితికి పది రోజుల ముందే మొదలుపెట్టాలి. మట్టిలో విత్తనాలు పెట్టాలని చూస్తారు, ఈ తేమకి బొమ్మ ఆరేలోపే మొలకలొచ్చి పగలగొడతాయి.

కళ్లకి గురివింద గింజలు మాత్రం పెట్టకండి. నమిలి మింగితే ప్రాణం మీదికి తెచ్చేంత విషం వాటిలో ఉంది, నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అసలు ఉండకూడదు. మిరియాలు పెట్టండి, నల్లగా ముద్దుగా ఉంటాయి.

రంగు వేయని బొమ్మని బకెట్‌లోనే నిమజ్జనం చేయొచ్చు. లోపలిదాకా ఎండినదే తొందరగా కరుగుతుంది, తడి మిగిలి ఉన్నది ముద్దలా కూర్చుంటుంది. కరిగాక పైనీళ్లు మొక్కలకి పోసి, అడుగు మట్టిని గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే, నీరు ఓడిపోయి మళ్లీ పిసకడానికి వీలుగా తయారవుతుంది.