పట్టణానికి వైమానిక పటం తయారు చేయాలంటే డ్రోన్ ఒక్కటి ఉంటే సరిపోతుందా?

మహబూబ్‌నగర్‌లో మీ వార్డుల ఇళ్లు, రోడ్లు, మురుగుకాల్వలు డిజిటల్ పటంగా గీయాలనుకుంటున్నారనీ, ఉపగ్రహ చిత్రంలో కాల్వ అంచు కనిపించడం లేదనీ, మీ దగ్గరున్న డ్రోన్‌తో తీసిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌లో కలిపితే సరిపోతుందా అనీ అడిగారు. నేను నల్లగొండలో సర్వే పని చేస్తాను. రెండు వార్డులకు ఇలాంటి పటమే మా బృందం తయారు చేసింది కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను: ఫొటోలు కలిపితే చూడముచ్చటైన చిత్రం వస్తుంది గానీ, కొలతకు నిలబడే పటం రాదు. స్పష్టత వేరు, ఖచ్చితత్వం వేరు. మొదటిది కెమెరా ఇస్తుంది, రెండోది నేల మీద మనం చేసే పని వల్లనే వస్తుంది.

ముందు స్పష్టత సంగతి. మన కార్టోశాట్-3 ఉపగ్రహం తీసే నలుపు తెలుపు చిత్రంలో ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 25 సెంటీమీటర్లు. అంటే అడుగున్నర వెడల్పున్న వీధి కాల్వ అందులో రెండు పిక్సెళ్లు కూడా నిండదు. మేము వాడిన ఫాంటమ్ 4 ప్రో డ్రోన్ 100 మీటర్ల ఎత్తున ఎగిరితే పిక్సెల్ 2.7 సెంటీమీటర్లకు వస్తుంది, ఒక్కో ఫొటో 150 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు నేలను పట్టుకుంటుంది. ముందు వెనుక ఫొటోలు 80 శాతం, పక్క వరుసలు 70 శాతం ఒకదానిపై ఒకటి పడేలా తీయాలంటే ప్రతి 20 మీటర్లకు ఒక ఫొటో, వరుసకూ వరుసకూ మధ్య 45 మీటర్ల దూరం ఉండాలి. ఆ లెక్కన చదరపు కిలోమీటరుకు దాదాపు 1,100 ఫొటోలు అవుతాయి. ఫొటోలు తగ్గించుకుందామని పక్క వరుసలను దూరం జరపకండి. నాలుగంతస్తుల భవనం, అంటే 12 మీటర్ల ఎత్తున్నది, డ్రోన్‌కు సరిగ్గా కింద కాకుండా 50 మీటర్లు పక్కన ఉంటే దాని పైకప్పు చిత్రంలో ఆరేడు మీటర్లు బయటికి ఒరిగి, పక్క సందును పూర్తిగా కప్పేస్తుంది. వరుసలు దగ్గరగా ఉంటే ఆ ఒరుగు మూడు మీటర్లకు మించదు.

ఇక మేము దెబ్బతిన్న చోటు. నేల మీద గుర్తులు వేసి, వాటి స్థానాన్ని రెండు సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో కొలిచి, ఫొటోలను వాటికి కట్టివేయడమే ఈ పనిలో అసలు భాగం. వీటిని మేము కంట్రోల్ పాయింట్లు అంటాం. మొదటిసారి సున్నపు పొడితో యాభై సెంటీమీటర్ల నిడివి గల అడ్డగీతలు వేశాం. మర్నాడు డ్రోన్ ఎగరేసే వేళకు వాటిలో మూడు లేవు. తెల్లవారుజామున వాకిళ్లు ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టారు. "మా వాకిట్ల గీ గీతలేంది బిడ్డా" అని ఒక పెద్దమ్మ అడిగితే, ఆమెకు ముందుగా చెప్పకపోవడం మా తప్పేనని అర్థమైంది. ఆ తరువాత ఇంటివాళ్లను అడిగి, వాకిలి వదిలి, సిమెంటు రోడ్డు మధ్యలో పెయింటుతో వేశాం. గీత పది సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చిత్రంలో మూడు నాలుగు పిక్సెళ్లు వస్తాయి, రెండు గీతలు కలిసే చోటు తడబాటు లేకుండా గుర్తించవచ్చు.

అంతకన్నా పెద్ద పొరపాటు బేస్ దగ్గర, అంటే ఒకచోట కదలకుండా ఉంచే జీపీఎస్ రిసీవర్ దగ్గర జరిగింది. ఒక డాబా మీద జీపీఎస్ బేస్ నిలిపి, రెండు నిమిషాల సగటు తీసుకొని, అదే దాని స్థానమని ఒప్పుకొని, దాని ఆధారంగా రోవర్‌తో, అంటే చేత పట్టుకొని తిరిగే రిసీవర్‌తో, గుర్తులన్నీ కొలిచాం. రోవర్ తెర మీద 'ఫిక్స్' (స్థానం ఖాయమైంది) అని, లోపం ఒకటి రెండు సెంటీమీటర్లేనని చూపిస్తూనే ఉంది. రెండో రోజు అదే డాబా మీద అదే మేకు దగ్గర మళ్లీ సగటు తీసుకొని మిగతా సగం కొలిచాం. రెండు రోజుల చిత్రాలను కలిపి చూస్తే సిమెంటు రోడ్డు అంచు అతుకు దగ్గర విరిగినట్టు మీటరున్నర పక్కకు జరిగి ఉంది. రోవర్ చెప్పింది అబద్ధం కాదు. అది బేస్ నుంచి ఉన్న దూరాన్ని సరిగ్గానే కొలిచింది, బేస్ స్థానమే రెండు రోజులూ రెండు రకాలుగా ఉంది. తరువాత ఆ మేకు మీద ఆరు గంటలు బేస్‌ను కదలకుండా ఉంచి, ఆ రికార్డును కెనడా ప్రభుత్వం ఉచితంగా నడిపే పీపీపీ సేవకు (ఒక్క రిసీవర్ రికార్డుతోనే ఖచ్చితమైన స్థానం లెక్కగట్టే సేవ) పంపి అసలు స్థానం తెప్పించుకున్నాం. రెండు రోజుల గుర్తులనూ ఆ మేరకు జరిపితే సరిపోయింది, మళ్లీ కొలవవలసిన పని లేకపోయింది. సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ కేంద్రాల (ఎప్పుడూ నడిచే శాశ్వత బేస్‌ల) నుంచి దిద్దుబాట్లు అందుకోగలిగితే ఈ బాధ అసలే ఉండదు. చదరపు కిలోమీటరుకు ఐదారు గుర్తులు అంచుల్లోనూ మధ్యలోనూ వేసి, మరో నాలుగింటిని లెక్కలో కలపకుండా పరీక్షకు విడిగా ఉంచండి. పటం ఎంత నమ్మదగినదో ఆ నాలుగే చెబుతాయి.

మీది మురుగుకాల్వల పని కాబట్టి ఎత్తు మీద ఇంకా జాగ్రత్త అవసరం. వంద మీటర్లకు అడుగు వాలున్న కాల్వలో పది సెంటీమీటర్ల లోపం కూడా చిన్నది కాదు, ఈ పద్ధతిలో ఎత్తు లోపం అడ్డం లోపం కన్నా సాధారణంగా ఎక్కువే ఉంటుంది. మధ్యలో గుర్తులు లేకపోతే లెన్స్ వంపు సరిగ్గా లెక్కకు రాక, పటం నడిమి భాగం మూకుడులా ఉబ్బుతుంది లేదా కుంగుతుంది. పైగా జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్కించినది కాదు. మన ప్రాంతంలో ఆ రెండింటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంది. కాల్వ అడుగు మట్టాలను మాత్రం నేను ఇప్పటికీ లెవెల్ యంత్రంతోనే తీస్తాను.

గుట్టలున్న చోట ఎత్తును నేలతో పాటు పెంచుకుంటూ పోవాలి. నల్లగొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు మేము ఒకే ఎత్తున ఎగిరాం. వాలు 60 మీటర్లు లేచిన చోట డ్రోన్ నేలకు 40 మీటర్లే పైన ఉంటుంది, ఫొటో వెడల్పు తగ్గుతుంది, 70 శాతం ఉండవలసిన పక్క కలయిక 25 శాతానికి పడిపోతుంది. ఆ భాగం చిత్రంలో చిల్లులు పడి వచ్చింది.

కాలం విషయంలో నా ఎంపిక మార్చి మొదటి సగం, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా. డిసెంబరు మధ్యాహ్నం కూడా పది మీటర్ల ఇల్లు ఎనిమిదిన్నర మీటర్ల నీడ పరిచి సందులోని కాల్వను దాచేస్తుంది. మార్చి మధ్యలో ఆ నీడ మూడున్నర మీటర్లకు తగ్గుతుంది. మే మొదటి పక్షంలో నీడ దాదాపు ఉండదు గానీ, ఫాంటమ్‌కు తయారీదారు చెప్పిన హద్దు 40 డిగ్రీలు, మన ఎండ దానికి లొంగదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, అయినా డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉండాలి, మీ చోటు ఏ జోన్‌లో ఉందో ఎగిరే రోజునే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి. నియమం అడగకపోయినా పోలీస్ స్టేషన్‌లో, వార్డులో ఒక మాట చెప్పండి. డాబాల మీద స్నానాలు చేసేవాళ్లు, బట్టలు ఆరేసేవాళ్లు ఉంటారు.

చివరిగా మీ ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి పటం గీసే యూటీఎం పద్ధతిలో 43వ, 44వ మండలాలను (ఆ పట్టీలే, పరిపాలనా మండలాలు కావు) విడదీసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్‌ను ఆనుకునే పోతుంది. సాఫ్ట్‌వేర్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే కొన్ని వార్డులు ఒక మండలంలో, కొన్ని మరో మండలంలో పడి, రెండు ఫైళ్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చోవు. మొదటి రోజే ఒక మండలం నిర్ణయించుకొని అందరూ దానికే కట్టుబడండి. మండలం అంచున ఉన్నందువల్ల అక్కడ పటం మీద కిలోమీటరు నేల మీది కిలోమీటరు కన్నా సుమారు 85 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది, నల్లగొండలో ఈ తేడా రెండు సెంటీమీటర్లే. టేపుతో కొలిచిన పైపు పొడవు పటంతో కలవడం లేదని మీవాళ్లు ఎవరైనా వచ్చి చెబితే, గుర్తులను అనుమానించే ముందు ఈ తేడాను సరిచూడండి. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో దీర్ఘవృత్తాభం (భూమి ఆకారానికి గణిత నమూనా) ఆధారంగా కొలిచే ఎంపిక పెట్టుకుంటే దాదాపు నేల మీది పొడవే వస్తుంది.