సెరామిక్స్ అంటే కుండల చదువేనా?

ప్రశ్న: మాది గూడూరు దగ్గర పల్లె. సిలికా ఇసుక తోలే లారీ ఒకటి, రెండెకరాల మాగాణి ఉన్నాయి. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, రాకెట్లంటే పిచ్చి. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏరోస్పేస్ సీటు మాట్లాడాను, ఏడాదికి నాలుగు లక్షలు. ఎకరం అమ్మేద్దామనుకున్నా. తీరా ఇప్పుడు సెరామిక్ ఇంజినీరింగ్ చదువుతా, అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనాలు కాలిపోకుండా వేసే పూతల మీద పనిచేస్తా అంటోంది. కుండలు చేసే చదువుకి ఆడపిల్లను ఒడిశాలోని రూర్కెలా దాకా పంపాలా? రెండిట్లో ఏది మేలు? శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో ఉద్యోగం దేనికి వస్తుంది?

జవాబు: నెల్లూరులో నా ఎదురు కుర్చీలో కూర్చున్న తండ్రులు ఈ ప్రశ్న చాలాసార్లే అడిగారు. కోర్సు పేరు మారుతుంది, దిగులు మారదు. పెళ్లిలో పక్క కుర్చీ ఆయన అడిగితే ‘మా అమ్మాయి ఏరోస్పేస్’ అనడం సులువు. ‘సెరామిక్స్’ అంటే ‘అదేం చదువండీ’ అంటాడు. మీ బాధలో సగం అక్కడుంది. ఆయన కోసం ఎకరం అమ్ముకోవద్దు.

ముందు ఆ కుండల సంగతి తేల్చుకుందాం. ఇంట్లో పాత ఆవకాయ జాడీ ఉంటే వెలుతురులో పెట్టి చూడండి. పైన మెరిసేది గాజు పూత. దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. కొలిమిలోంచి తీసి చల్లారేటప్పుడు లోపలి మట్టి ఒక లెక్కన, పైపూత ఇంకో లెక్కన ముడుచుకుంటే పూత పగులుతుంది. ఆ పగుళ్లలోంచి ఉప్పూ నూనే లోపలికి దిగుతాయి. జాడీ అయితే ఊరగాయతో పోతుంది. అంతరిక్షం నుంచి దిగేదానికి అలాంటి పగులు వస్తే?

మీ అమ్మాయి చెప్పే పూతలకు ఉన్న పెద్ద చిక్కు ఇదే. అమెరికా స్పేస్ షటిల్ ఒంటికి ఇరవై వేలకు పైగా సిలికా పలకలు అతికించేవాళ్లు. ఎక్కువగా వాడిన రకంలో 90 శాతం ఖాళీయే, మిగతాది సన్నని సిలికా పోగులు. 1,200 డిగ్రీల కొలిమిలోంచి తీసిన పలక నడిమధ్య ఇంకా ఎర్రగా కణకణలాడుతుండగానే అంచులు ఒట్టి చేత్తో పట్టుకోవచ్చు. వేడి అంత నిదానంగా కదులుతుంది దాంట్లో. కానీ అది మెత్తన, గోరు దిగుతుంది. పైగా నీళ్లు పీల్చేస్తుంది. అందుకని అడుగు వైపు పలకలకు నల్లటి బోరోసిలికేట్ గాజు పూత వేశారు, మందం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. నలుపు అందానికి కాదు. వచ్చిన వేడిని అది తిరిగి బయటికే వెదజల్లుతుంది. సిలికా వేడికి దాదాపు సాగనే సాగదు కాబట్టి పూత కూడా అంతే తక్కువ సాగాలి, లేదంటే జాడీ కథే. ఇంతా చేసి, ప్రతి ప్రయాణం తర్వాతా ఒక్కో పలకలోకి చిన్న రంధ్రం గుండా నీరు పట్టని రసాయనం ఎక్కించాల్సి వచ్చేది.

మన దగ్గరా జరిగింది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో క్యాప్సూల్ ఎస్‌ఆర్‌ఈ-1 పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. 550 కిలోల ఆ క్యాప్సూల్ ఒంటికి కట్టింది సిలికా పలకలే. మళ్లీ మళ్లీ వాడుకునే రాకెట్ కోసం ఇస్రో 2016లో ప్రయోగాత్మకంగా ఎగరేసిన రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ-టీడీకీ అవే. మీ లారీలో పోయే ఇసుకతోనే చేశారని అనను, దానికి కావలసిన శుద్ధి వేరు. కానీ పదార్థం అదే, సిలికా. ఆ లారీ ఫీజులతో చదివిన పిల్ల అదే పదార్థం గురించి చదువుతానంటే మీకు చిన్నతనం ఎందుకో నాకర్థం కాలేదు.

ఇక ఏరోస్పేస్. చదువు మీద నాకు గౌరవమే, అమ్మే తీరు మీదే అనుమానం. బ్రోచరు మీద రాకెట్ బొమ్మ ఉంటుంది. ల్యాబ్ చూపించమంటే గాలి వేగంగా పంపి నమూనాలను పరీక్షించే చిన్న విండ్ టన్నెల్ ఒకటి చూపిస్తారు. కావలి నుంచి వచ్చిన ఒక కుర్రాడు అలాంటి డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. ఉద్యోగం మంచిదే. దానికి వాళ్ల నాన్న పొలం అమ్మక్కర్లేదు. ఐఐటీలోనో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో సీటొస్తే ఏరోస్పేస్‌కే పంపండి, నేనే స్వీట్లు తెస్తాను. డబ్బు కట్టి కొనే సీటుకు మాత్రం నా మాట వద్దనే. ఇస్రో పెద్ద నోటిఫికేషన్లలో ఎక్కువ పోస్టులు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్స్ వాళ్లకే. ఏరోస్పేస్ అన్న పేరు చూసి ఎవరూ గేటు తీయరు.

సెరామిక్స్‌నూ నెత్తిన పెట్టుకోను. షార్ మీ ఇంటికి దగ్గరే, డాబా ఎక్కితే రాకెట్ కనిపిస్తుంది. కానీ ఈ పూతలూ పలకల పని ప్రధానంగా జరిగేది తిరువనంతపురంలోని ఇస్రో కేంద్రం వీఎస్‌ఎస్‌సీలో. పోస్టులు కొన్నే, వాటికి బీటెక్‌తో సరిపోదు. గేట్ పరీక్ష, ఎంటెక్, కుదిరితే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. సెరామిక్స్ చదివినవాళ్లలో ఎక్కువమంది ఉక్కు కొలుముల లోపల పరిచే ఇటుకల కంపెనీల్లోనో, గాజు ఫ్యాక్టరీల్లోనో, గుజరాత్ మోర్బీ టైల్స్‌లోనో చేరతారు. జీతం వస్తుంది, రాకెట్ కనపడదు. అమ్మాయికి ఈ మాట నేనే చెప్తాను. అయినా మనసు మారకపోతే, విమాన ఇంజిన్ బ్లేడ్లకు వేడి తగలకుండా వేసే జిర్కోనియా అనే సెరామిక్ పూతలున్నాయి, హైదరాబాద్‌లో పదార్థాల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. దారి మరీ ఇరుకేం కాదు.

బీటెక్‌కు ఐఐటీ బీహెచ్‌యూ, రూర్కెలా ఎన్ఐటీ. ర్యాంకు అందకపోతే మెటలర్జీ లేదా కెమికల్ తీసుకున్నా తర్వాత ఇటు రావచ్చు. అన్నట్టు, సెరామిక్ టెక్నాలజీలో డిప్లొమా చెప్పే ప్రభుత్వ సంస్థ మీ గూడూరులోనే ఉంది. చేరమని కాదు, ఒకసారి తీసుకెళ్లి కొలిమి చూపించండి. జేఈఈ సంగతి మీకన్నా, నాకన్నా అమ్మాయికే బాగా తెలుసు.

‘ఆడపిల్ల, దూరం’ అన్నారు. పదిహేనేళ్ల పిల్లను రెండేళ్ల కిందట విజయవాడ హాస్టల్లో వదిలి, నెలకోసారి పచ్చడి సీసాలు పట్టుకెళ్లి చూసొచ్చారే, అప్పుడు దూరం అనిపించలేదా? అది ఆమె అడగని దూరం, ఇది అడిగిన దూరం. కాస్త కటువుగా అన్నాను, ఏమనుకోకండి. నాలుగు లక్షల సీటు వద్దని, ఏం చదవాలో, ఎందుకో తానే తెలుసుకుని వచ్చిన పిల్ల మీది. ఇలాంటి పిల్లలు ఏ బ్రాంచిలో చేరినా నిలదొక్కుకుంటారు, ఆ దిగులు నాకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని తీసుకుని రండి. పొలానికి బయానా ఇంకా పుచ్చుకోలేదు కదా? పుచ్చుకోకండి.