గాలి తగిలే ఒడ్డున బాస్ పడుతుంది, మరి కొరమీను ఎందుకు పడదు?

మీరు అడిగింది ఇదీ: అమెరికా వీడియోల్లో బాస్ అనే మంచినీటి చేపను పట్టేవాళ్ళంతా వసంతకాలంలో గాలి తగిలే ఒడ్డుకే వెళ్ళమంటున్నారు, మీరు పద్మనాభం వైపు చెరువులో మార్చి నెలంతా అలాగే రబ్బరు కప్ప వేశారు, కొరమీను ఒక్కటీ తగల్లేదు. లోపం ఎరలో ఉందా, చోటులో ఉందా అని.

చోటులోనే ఉందండి. ఎర సరైనదే. డల్లాస్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ నేను వసంతంలో బాస్ పట్టాను. విశాఖ తిరిగి వచ్చాక ఆరేళ్ళుగా ఆనందపురం, పద్మనాభం చుట్టుపక్కల చెరువుల మీద కొరమీను వెంట తిరుగుతున్నాను. వచ్చిన మొదటి ఏడాది మీరు చేసిందే నేనూ చేశాను, అందుకే ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను.

ముందు బాస్ సంగతి. అక్కడ మార్చి నాటికి నీళ్ళు చలి నుంచి అప్పుడప్పుడే తేరుకుంటూ ఉంటాయి. లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టాలంటే నీరు సుమారు 15 నుంచి 20 డిగ్రీలకు రావాలి. దానికి ముందు వారాల్లో అది కాస్త వెచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఎండకి పైపొర వేడెక్కుతుంది, గాలి ఆ పొరను నెట్టుకెళ్ళి ఒక ఒడ్డున పోగేస్తుంది. రెండు మూడు రోజులు ఒకే దిక్కు నుంచి వీచిందంటే ఆ ఒడ్డున నీళ్ళు వెచ్చబడతాయి. నీళ్ళలో తేలే సూక్ష్మజీవులూ అటే కొట్టుకుపోతాయి. వాటి కోసం షాడ్ అనే చిన్న చేపలు, వాటి కోసం బాస్. అలల వల్ల వెలుతురు చెదిరి లైను కూడా సరిగా కనబడదు కాబట్టి చేప ధైర్యంగా గట్టు దగ్గరికి వస్తుంది.

డల్లాస్‌కు తూర్పున లేక్ ఫోర్క్ ఉంది. నీళ్ళలో మునిగిన ఎండు చెట్లతో నిండి ఉంటుంది. 1992లో 18.18 పౌండ్ల బాస్, అంటే 8 కిలోలు దాటినది, దొరికింది అందులోనే, టెక్సాస్ రాష్ట్ర రికార్డు అది. అక్కడ ఒక ఏప్రిల్ పొద్దున, తల మీద టోపీ నిలవనంత గాలిలో, నురగ కొడుతున్న మట్టి మొన మీదకి స్పిన్నర్‌బెయిట్ (గిరగిర తిరిగే మెరుపు రేకు ఉన్న ఎర) వేస్తే గంటలో ఆరు పడ్డాయి. 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలేయాలని ఆ చెరువు నియమం, కాబట్టి నాలుగు మళ్ళీ నీళ్ళలోకే వెళ్ళాయి. గాలి అంటే నాకు ఇష్టం పుట్టింది ఆ రోజే.

ఇందులో మన చెరువుకి ఏది వర్తిస్తుందో చూడండి. మార్చికే మన నీళ్ళు వెచ్చన. కొరమీను వేడి వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. అసలు తేడా ఇంకొకటి ఉంది. కొరమీను ఒక్క మొప్పలతో బతకలేదు, మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగి వెళ్ళాలి. దాని పద్ధతి కూడా తరిమి పట్టడం కాదు, తూడులోనో తామరాకుల కిందనో కదలకుండా పొంచి ఉండి ఎదురొచ్చినదాన్ని అందుకోవడం. మనం దాన్ని కనిపెట్టేది ఆ ఊపిరి గుర్తుతోనే. అలలు లేచాయంటే ఆ గుర్తు పోయినట్టే.

ఆ గుర్తు ఎలా ఉంటుందంటే, నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు ఆకుల మధ్య ‘బుడుక్’ మని చిన్న చప్పుడు వస్తుంది. తిరిగి చూసేసరికి అరచేతి వెడల్పు గుండ్రటి అల ఒకటి, దాని నడుమ రెండు మూడు బుడగలు. చేప అప్పటికే కిందికి పోయి ఉంటుంది. సరిగ్గా ఆ బుడగల మీద కప్పను వేయకండి, బెదిరిపోతుంది. రెండు మూడు మీటర్లు అవతల వేసి, అల సద్దుమణిగేదాకా ఆగి, కప్ప గెంతినట్టు కొద్దికొద్దిగా లాగుతూ ఆ చోటు మీదుగా తీసుకురండి. నీళ్ళు పగిలి కప్ప మాయమైనా వెంటనే రాడ్డు ఎత్తకూడదు. ఒకటి, రెండు లెక్కపెట్టండి, లైను బిగిసి పక్కకు జరగడం చేతికి తెలియాలి, అప్పుడు గట్టిగా ఎత్తండి. మొదట్లో నా చేతుల్లోంచి జారిపోయినవన్నీ ఆ రెండు లెక్కలు ఆగకనే.

కాబట్టి కొరమీనుకి గాలి చాటు గట్టే మేలు. దక్షిణపు గాలైతే దక్షిణపు గట్టు, అదీ చెట్లు, జమ్ము ఉన్న వైపు. వేళ కూడా ముఖ్యం. వేసవిలో మన దగ్గర పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది, మధ్యాహ్నానికి చెరువంతా అలలే. తెల్లవారుజామున వెళ్ళి తొమ్మిదిలోపు ముగించుకోండి. లేకపోతే సాయంత్రం గాలి తగ్గాక చీకటి పడేదాకా వేయండి. ఆదివారం తీరిగ్గా టిఫిన్ తిని పదింటికి బయలుదేరితే దొరకదు.

ఒక్క మినహాయింపు ఉంది, నాకు పెద్ద చేపలు దొరికింది ఎక్కువగా అక్కడే. చెరువులో గుర్రపుడెక్క ఉంటే గాలి దాన్నంతా ఒక మూలకి నెట్టేస్తుంది. అప్పుడు గాలి తగిలే ఒడ్డే అయినా ఆ దట్టం అలలను ఆపేస్తుంది, కింద నీళ్ళు కదలవు, పైన నీడ. అలాంటి చోట ఆకుల మీదకే కప్పను వేసి, పైపైన లాగి, సందులు కనబడిన చోట ఆపండి. సాదా లైను తెగుతుంది, అల్లిన లైను వాడండి.

గాలి తగిలే ఒడ్డును మాత్రం పూర్తిగా వదులుకోకండి. అక్కడ మట్టి కలిసి నీళ్ళు రంగు మారిన చోట ఎర్రలు గుచ్చి సీసంతో అడుగున వదిలితే జెల్లలు బాగా పడతాయి. ఎదురుగాలిలో రాడ్డు పైనుంచి విసరకుండా పక్కనుంచి తక్కువ ఎత్తులో విసరండి. ఎర నీళ్ళలో పడగానే రాడ్డు కొన కిందికి దించి వదులు లైను చుట్టేయండి. లేదంటే లైను విల్లులా వంగి, చేప ముట్టినా మీకు తెలియదు.

ఇంకో మాట, ఆ చెరువు పాట ఎవరు పాడుకున్నారో కనుక్కుని వాళ్ళని అడిగి వేయండి, చేపపిల్లలకు డబ్బు పెట్టింది వాళ్ళు. వానలు మొదలయ్యాక నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టకండి. అవి పోతే ఆ పిల్లలన్నీ పక్క చేపల పాలే.

మీ చెరువులో తూము ఏ వైపు ఉందో, గుర్రపుడెక్క ఉందో లేదో రాయండి. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.