ఈనేనాటి కండ, ఈనాక ఎద

ప్రశ్న: మా జెర్సీ సంకరజాతి ఆవు మూడో ఈత ఈని నాలుగు నెలలు కావస్తోంది. పాలు ఎండగట్టాక తవుడు, చెక్క ధారాళంగా పెట్టడంతో ఈనేనాటికి నిగనిగలాడుతూ ఉంది. మాయ మాత్రం ఆలస్యంగా పడింది. పూటకు ఏడు లీటర్లు ఇస్తున్నా ఎముకలు తేలిపోయాయి, ఇంతవరకు ఎదకు రాలేదు. ఎద సూది వేయిస్తే సరిపోతుందా?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: సూది మాట తర్వాత చూద్దాం. మీరు మురిసిపోయిన ఆ నిగనిగలోనే చిక్కు మొదలై ఉండవచ్చు. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాలు గరిష్ఠానికి చేరతాయి గాని మేత తినే శక్తి అంత త్వరగా పెరగదు కనుక, ఆ లోటును ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. బాగా కొవ్వు పట్టి ఈనిన ఆవు మేత ఇంకా తక్కువ తిని, కొవ్వు ఇంకా వేగంగా కరిగించుకుంటుంది. కాలేయంలో కొవ్వు పేరుకుని కీటోసిస్ (కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే జబ్బు) వచ్చే ప్రమాదమూ దానికే ఎక్కువ. రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ తగ్గినప్పుడు మెదడు నుంచి అండాశయానికి అందే ప్రేరణ బలహీనపడి, అండం విడుదల కాదు.

పశువైద్యులు ఒంటి కండకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఈనేనాటికి 3 నుంచి 3.5 ఉండాలి. ఈనాక అర మార్కు తగ్గడం సహజమే గాని, ఒక మార్కు దాటి తగ్గితే ఎద ఆలస్యమవుతుంది, చూడి నిలిచే అవకాశమూ పడిపోతుంది. పశువు వెనుక నిలబడి చూడండి: తోక మొదలుకు ఇరువైపులా గుంటలు కొవ్వుతో పూడిపోయి ఉంటే 4కు చేరినట్టు, లోతుగా పీక్కుపోయి ఉంటే 2కు దిగినట్టు. కాస్త నొక్కితే పక్కటెముకలు చేతికి తగులుతుంటే అది సరైన ఒళ్లు.

ఇక ఇప్పటి సంగతి. మాయ ఆలస్యమైంది కాబట్టి గర్భకోశంలో చీము ఉందేమో, అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో పశువైద్యునితో ముందు పరీక్ష చేయించండి. ఎద కోసం మామూలుగా వేసే ప్రోస్టాగ్లాండిన్ సూది అండాశయంలో కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే పసుపు గడ్డ) ఉంటేనే పనిచేస్తుంది, లేకుంటే డబ్బు దండుగ. పైకి లక్షణాలు సరిగా కనిపించని మూగ ఎద కూడా కావచ్చు గనుక తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు మానం నుంచి జారే జిగట తీగల కోసం గమనించండి. పచ్చిమేతతో పాటు ఒంటి పోషణకు రెండు కిలోలు, ప్రతి మూడు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణాను, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమాన్ని ఇవ్వండి. దాణాను ఒక్కసారిగా పెంచితే కడుపు పులుస్తుంది. వారం పదిరోజుల్లో మెల్లగా పెంచుతూ, మూడు నాలుగు పూటలుగా పంచి పెట్టండి.

మళ్లీ చూడి కట్టాక పాలిచ్చే చివరి నెలల్లోనే ఒళ్లు సరిచేయండి. వట్టిపోయాక మేత తగ్గించి చిక్కబెట్టడం బలవనివ్వడం కన్నా చేటు. ఏడు నెలలు నిండి పాలు ఎండగట్టే రోజున ఒకసారి, ఈనడానికి మూడు వారాల ముందు మరోసారి పక్కటెముకలు తడిమి చూసి, ఆ మూడు వారాల ముందు నుంచే దాణాను కొద్దికొద్దిగా అలవాటు చేయండి.