సౌర విద్యుత్తు లెక్కలో సాయంత్రం లోటు ఎందుకు?

ఏడాది సౌర ఉత్పత్తి, ఏడాది వాడకం మీ పట్టికలో సమానంగానే ఉన్నాయి. అయినా సాయంత్రం లోటు ఎందుకని అడిగారు. కూడికల్లో తప్పు లేదు, ఏడాది మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకోవడమే చిక్కు. గ్రిడ్‌లో, అంటే విద్యుత్తు సరఫరా వ్యవస్థలో, ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరితూగాలి. మధ్యాహ్నం మిగిలిన విద్యుత్తు నిల్వ లేకుండా సాయంత్రానికి అక్కరకు రాదు.

పట్టికను ఏడాదిలోని 8,760 గంటలుగా విడగొట్టండి. ప్రతి గంట వాడకంలోంచి సౌర, పవన విద్యుత్తును తీసేయండి. మిగిలిందే మీరు తీర్చాల్సిన అవసరం. పొద్దుగూకాక వచ్చే నాలుగైదు గంటల లోటుకు బ్యాటరీలు చాలు. పంప్డ్ స్టోరేజీ (మిగులు విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీయడం) ఇంకా ఎక్కువసేపు ఆదుకుంటుంది కానీ, నీటిని పైకి తోడటానికి వాడిన విద్యుత్తులో సుమారు 70–80 శాతమే తిరిగొస్తుంది. ఈ నష్టాన్ని పట్టికలో వేయడం చాలామంది మరిచిపోతారు!

మరి వారం పాటు మబ్బు కమ్మి, గాలి కూడా స్తంభిస్తే? దానికోసం బ్యాటరీలు పేర్చుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాంటి రోజులకు మాత్రమే నడిచే గ్యాస్ టర్బైన్ ఒకటి ఉంచుకోవడం నా దృష్టిలో నయం. నిమిషాల్లో అందుకుంటుంది, నడిచేది కొద్ది గంటలే కనుక మొత్తం ఉద్గారాలూ తక్కువే. బొగ్గు కేంద్రాన్ని ఈ పనికి పెట్టకండి. చల్లారితే మళ్లీ రాజేయడానికి గంటలు పడుతుంది.

ధరలు పోల్చేటప్పుడు నిల్వ, సరఫరా లైన్ల ఖర్చునూ యూనిట్ ధరలో కలపండి.