బలహీనంగా ఉన్న పెద్దవాళ్లు తాయ్ చీ చేస్తే గుండెకు మంచిదేనా?

మంచిదే. పేరుకు చైనా యుద్ధవిద్య గానీ, తాయ్ చీ సాధనలో కొట్టుకోవడాలు ఉండవు. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు నెమ్మదిగా మార్చాలి. తొడ కండరాలు బాగా పనిచేస్తాయి, గుండె వేగం మాత్రం కొంచెమే పెరుగుతుంది. దాదాపు మామూలు నడకంత శ్రమ అనుకోండి.

చైనాలో 342 మందిపై చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తాయ్ చీ చేసినవాళ్లకు పై బీపీ సుమారు 7 పాయింట్లు తగ్గింది. జాగింగ్, సైక్లింగ్ లాంటివి చేసినవాళ్లకు 4.6. అయితే వాళ్లెవరూ 65 దాటినవాళ్లు కాదు, కాబట్టి 80 ఏళ్ల పెద్దాయనకూ అంతే తగ్గుతుందని లెక్కేయకండి. ఆ వయసులో అసలు లాభం, నా దృష్టిలో, తూలిపోకుండా నిలబడగలగడం. పడతానన్న భయం తగ్గితేనే మనిషి నాలుగడుగులు ఎక్కువ నడుస్తాడు, గుండెకూ పని దొరుకుతుంది.

నిలబడలేనివాళ్లు కుర్చీలో కూర్చుని మొదలుపెట్టొచ్చు. బీటా బ్లాకర్ మాత్రలు (బీపీకి, గుండె జబ్బులకు ఇచ్చే ఒక రకం మందులు) వాడేవాళ్లు నాడి చూసి శ్రమను అంచనా వేయలేరు, ఆ మందు నాడిని పెద్దగా పెరగనివ్వదు. చేస్తూ మామూలుగా మాట్లాడగలిగితే సరిపోయినట్టే. ఊపిరి బిగబట్టకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించండి. బీపీ తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా మానేయొద్దు.