యూరప్ కొత్త మెటల్ బ్యాండ్లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఒంటరిగా వెళ్ళొచ్చా

తమ్ముడూ, జర్మనీలో డోర్ట్‌మండ్‌కి ఎమ్మెస్ చదవడానికి వచ్చి రెండు నెలలైంది, ఇంటి దగ్గర మెటల్ సంగీతంలో మెటాలికా, ఐరన్ మెయిడెన్ లాంటి పెద్ద బ్యాండ్లు తప్ప పెద్దగా వినలేదు, ఇక్కడి కొత్త బ్యాండ్లలో ఎవరిని వినాలి, ఒక్కడినే కాన్సర్ట్‌కి వెళ్తే ఏమైనా ఇబ్బందా అని అడిగావు. నేను ఈ రూర్ ప్రాంతానికి వచ్చి 14 ఏళ్ళు దాటింది. మొదటి నవంబర్‌లో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోయి, గదిలో పలకరించే మనిషి లేక దిగులు పట్టుకున్నప్పుడు నన్ను బయటికి లాగింది ఈ సంగీతమే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వాకెన్ అనే పెద్ద మెటల్ ఫెస్టివల్ సంగతి, అందరూ మొదట అడిగేది అదే కాబట్టి. 1990లో ఉత్తర జర్మనీలో ఒక పల్లెలో మొదలైంది, సుమారు 2 వేల మంది ఉండే ఆ ఊరికి ఇప్పుడు 80 వేల మందికి పైగా వస్తారు, మన ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ కూడా 2019లో అక్కడ వాయించింది. వెళ్ళాల్సిందే, కానీ మొదటి ఏడాది వద్దు. టికెట్టే 300 యూరోలు దాటుతుంది, వాన పడితే టెంటు చుట్టూ బురదే, పైగా కొత్త బ్యాండ్లకు అక్కడ దొరికేది కొద్దిసేపే. ఎస్సెన్‌లో టూరాక్, ఓబర్‌హౌజెన్‌లో హెల్వెటే లాంటి చిన్న చోట్ల అయితే పాతిక ముప్పై యూరోలకు స్టేజి ముందే నిలబడి వినొచ్చు, అయిపోయాక టీషర్టులు అమ్మే బల్ల దగ్గర ఒక్కోసారి వాయించినవాళ్ళే నిలబడి ఉంటారు, మాట్లాడొచ్చు. నీ సెమెస్టర్ టికెట్ (విద్యార్థుల ప్రయాణ పాసు) ఉంటే రైలు ఖర్చు కూడా ఉండదు.

ఇక సౌండు. డెత్, బ్లాక్, డూమ్, జెంట్ అని మెటల్‌లో రకాల పేర్లు చూసి కంగారుపడకు, తాళం పట్టుకో. స్వీడన్‌లో ఊమెయో నుంచి వచ్చిన మెషుగ్గా అనే పాత బ్యాండ్ ఈ దారి వేసింది: డ్రమ్మర్ కుడిచేయి నాలుగు లెక్కలోనే నడుస్తుంటే, గిటార్లు, కాలితో వాయించే డ్రమ్ము వేరే లెక్కలో తిరుగుతూ పోయి చాలాసేపటికి సమం దగ్గర కలుస్తాయి. మిశ్ర చాపు, ఖండ చాపు చేత్తో వేసిన వాళ్ళకి ఇది పరాయి విషయం కాదు, చిన్నప్పుడు నాలుగు రోజులు మృదంగం క్లాసుకి వెళ్ళినవాడు కూడా ఇట్టే పట్టేస్తాడు. ఆ బరువైన గిటారు మీద మెత్తటి గొంతు, కీబోర్డు కలిపి పాడేది కోపెన్‌హేగెన్ బ్యాండ్ వోలా. నువ్వు వీళ్ళతోనే మొదలుపెట్టు.

తర్వాత స్వీడన్ వాళ్ళే, ఇమినెన్స్. గాయకుడే వయొలిన్ వాయిస్తాడు. మనకి వయొలిన్ అంటే కచేరీలో గాయకుడి పక్కన కూర్చుని అనుసరించేది కదా, ఇక్కడ అది గిటార్ల హోరు మీద ఒంటరిగా లేస్తుంది, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన జింజర్ ఇప్పటికే బాగా పేరున్న బ్యాండ్, అయినా వదలొద్దు: ఒకే పాటలో తీయగా పాడుతూ ఊపిరి తిప్పేలోపు గర్జనలోకి దిగిపోయే ఆ అమ్మాయి గొంతు వింటే, గ్రోలింగ్ అంటే గొంతు చించుకోవడం కాదని, సాధనతో వచ్చే విద్య అని తెలుస్తుంది.

కానీ నా మనసుకి దగ్గరైంది మాత్రం బాంబెర్గ్ నుంచి వచ్చిన కనోనెన్‌ఫీబర్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు రాసిన ఉత్తరాలు, అప్పటి పత్రాలు ఆధారంగా జర్మన్‌లో పాటలు కడతారు. ముఖాలు కనపడవు, పేర్లు చెప్పరు, స్టేజి మీద అప్పటి సైనిక దుస్తులు. 2021లో మొదటి ఆల్బమ్, 2024లో రెండోది. డ్రమ్స్ మెషిన్‌గన్‌లా ఆగకుండా మోగుతుంటే దాని మధ్యలోంచి దిగులుగా ఒక గిటారు రాగం వస్తుంది, యుద్ధాన్ని ఎక్కడా గొప్పగా చూపించరు, చచ్చిపోయిన మామూలు కుర్రాళ్ళ గురించే పాడతారు. పాట మాటలు ముందర పెట్టుకుని విను, నీ జర్మన్ కూడా మెరుగవుతుంది, నాది అలాగే అయింది. నెమ్మదిగా, బరువుగా కావాలంటే కోపెన్‌హేగెన్‌కే చెందిన నలుగురు అమ్మాయిల బ్యాండ్ కొన్వెంట్ ఉంది.

ఒక్కడివే వెళ్ళడానికి టెన్షన్ వద్దు. పొడుగు జుట్టు, నల్ల బట్టలు, పచ్చబొట్లు చూసి నేనూ భయపడ్డాను. మొదటి షోలో మోష్ పిట్‌లో, అంటే స్టేజి ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోట, కిందపడితే క్షణంలో నాలుగు చేతులు నన్ను పైకి లేపాయి, ఒకాయన నా కళ్ళజోడు వెతికి తెచ్చి ఇచ్చాడు. తోపులాట ఇష్టం లేకపోతే గోడ పక్కన నిలబడు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఇయర్‌ప్లగ్స్ లేకుండా మాత్రం వెళ్ళకు. ఆ రాత్రి నేను పెట్టుకోలేదు, రెండు రోజులు చెవులు గింగురుమన్నాయి. గ్లాసుకి కట్టిన డిపాజిట్ గ్లాసు తిరిగిస్తే వచ్చేస్తుంది, పారేయకు. చేతిలో కాస్త నగదు ఉంచుకో, ఆఖరి రైలు టైము ముందే చూసుకో.

ఇంకో మాట, మనలాంటి వాళ్ళకి ఇది ముఖ్యం. బ్లాక్ మెటల్‌లో నాజీ భావాలున్న బ్యాండ్లు కొన్ని ఉన్నాయి. జర్మనీలో నాజీ చిహ్నాలు బాహాటంగా పెట్టుకోవడం నేరం కాబట్టి అలాంటివాళ్ళు కొందరు వేరే గుర్తుల చాటున తిరుగుతారు. పాత రూన్ అక్షరాలు (ఉత్తర యూరప్ ప్రాచీన లిపి) వేసుకున్న ప్రతివాడూ అలాంటివాడని కాదు. కానీ కొత్త పేరు కనబడితే టికెట్ కొనేముందు వాళ్ళెవరో పది నిమిషాలు వెతికి చూడు, అక్కడ ఏదైనా తేడాగా అనిపిస్తే మొహమాటపడకుండా బయటికి వచ్చెయ్.

ఎస్సెన్‌కి నీకు నచ్చిన బ్యాండ్ ఏదైనా వస్తుంటే నాకు చెప్పు, మొదటిసారి నేనూ వస్తాను. ఇయర్‌ప్లగ్స్ ఒక జత అదనంగా ఎప్పుడూ నా జేబులో ఉంటాయి.